తొట్టి నీళ్ళ పరీక్ష

మర్రిపాడు మెట్ట చేల కింద ఒక పాత ఆయిలు పైపులైను ఉంది. దాన్ని వాడటం ఎప్పుడో మానేశారు. లోపల మిగిలిన ఆయిలు మాత్రం కారుతూనే ఉందని ఊరి వాళ్ళ గోల. ఆ గోల నిజమో కాదో తేల్చడానికి వెళ్ళిన మహా బృందంలో నేనూ ఉన్నాను. బృందమంటే ముగ్గురం. మా సారు, డ్రైవరు, సీసాలు మోసే నేను.

ఆ పైపులైను పక్కనే చేలో ఒక అవ్వ ఇల్లు. ఒంటి మనిషి, రెండు గేదెలు, ఒక బోరు. బోరు నీళ్ళు కిరసనాయిలు వాసన కొడుతున్నాయని, గేదెలు కూడా మూతి పెట్టడం లేదని అర్జీ పెట్టుకుంది. ఊరి కుళాయి లైను ఆమె ఇంటి దాకా రాదు. నీళ్ళు చెడిపోయాయని రిపోర్టు వస్తే లైను పొడిగిస్తామని ఆఫీసులో చెప్పారట. అందాకా ఎగువ చేలో ఆసామి బావి నుంచి బిందెతో తెచ్చుకుంటోంది. అంటే ఆమె గొంతు తడవడం మా సీసాల మీద ఆధారపడి ఉంది. అంత బాధ్యత మోస్తూ మేము ఆత్మకూరులో టిఫినుకు ఆగాం.

బోరు నీళ్ళ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మోటారు కాసేపు ఆడించి, పాత నీళ్ళు పోనిచ్చి, తర్వాత వచ్చే నీళ్ళు పట్టాలి. చేలకు కరెంటు పొద్దున్నే ఇచ్చి పదింటికల్లా తీసేస్తారు. ఈ సంగతి అక్కడి మేకలకు కూడా తెలుసు. మా సారుకూ తెలుసు. కానీ కారం దోసె బాగుందని ఆయన రెండోది చెప్పాడు. నేను వద్దన్నానా? లేదు, మూడోది నేనే చెప్పాను.

మేము వెళ్ళేసరికి కరెంటు పోయింది. ముందు పరీక్షకు మట్టి తీశాం. పైపులైను చేను నడుమ పోతుంటే మేము తవ్వింది రోడ్డు పక్కన, ఎందుకంటే చేలో పల్లేరు కాయలు. సారు బూట్లు కొత్తవి.

తర్వాత బోరు దగ్గరికి వచ్చాం. అవ్వ మమ్మల్ని చూసి చేతులు జోడించి, టీ పెడతానని లోపలికి పోయింది. బోరు పైపు కింద సిమెంటు తొట్టి ఉంది, నిండా తేటగా నీళ్ళు. "ఇందులోనే పట్టెయ్. బోరు నీళ్ళే కదా," అన్నాడు సారు. నేను సీసా ముంచాను. వాసన చూశాను. ఏమీ లేదు.

"వాసన రావడం లేదు సార్," అన్నాను.

"ముక్కుతో తేలిపోతే ఇక మనమెందుకయ్యా?" అన్నాడు.

మాటకు మాట బాగుందని నవ్వాను కూడా. సీసాలు ఐసు పెట్టెలో సర్ది, ఫారం మీద 'బోరు' అని నా చేత్తో నేనే రాశాను. అవ్వ టీ తెచ్చేసరికి పని అయిపోయింది. టీలో రెండు యాలకులు కూడా వేసింది పాపం.

నెల తర్వాత వేరే పని మీద అటు పోతూ ఆమె ఇంటి దగ్గర ఆగాను. రిపోర్టు అప్పటికే వచ్చింది. నీళ్ళు శుభ్రం, తాగొచ్చు అని. గర్వంగా ఏమీ లేదు కానీ, ఎలా ఉందో చూద్దామనిపించింది.

"అదెట్టా నాయనా? ఈ కంపు నీళ్ళు బాగుండాయంటే ఎట్టా?" అంది అవ్వ.

తొట్టిలో పట్టామని చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, అవి బోరు నీళ్ళు కాదు నాయనా! ఆఫీసర్లు వస్తా ఉండారు, కాళ్ళూ చేతులూ కడుక్కోవాల, ఈ కంపు నీళ్ళు ఎట్టా పెట్టేదని, ముందురోజే తొట్టి బూడిదేసి తోమి, ఆసామి బాయి కాడ నుంచి ఇరవై బిందెలు మోసి పోసినాను."

ఆ వయసులో ఇరవై బిందెలు. మేము చేతులు కూడా కడుక్కోలేదు.

"ఇప్పుడు ఆసామి బాయి గేటుకి తాళమేసినాడు. నీ బోరు నీళ్ళు బాగుండాయని కాగితమొచ్చిందంట గదా, ఇంకా నా బాయి ఏందికి అన్నాడు."

పరీక్షలో పాసయింది ఆయన బావి. ఆ పాసైన కాగితమే చూపించి ఆమెకు ఆ నీళ్ళు లేకుండా చేశాడు. ఇప్పుడు బోరు నీళ్ళే గుడ్డలో వడగట్టి, కాచి తాగుతోందట. గేదెలను అమ్మేసింది.

అక్కడి నుంచే సారుకు ఫోను చేశాను. మళ్ళీ నమూనా తీద్దామన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఫైలు క్లోజయింది," అని పెట్టేశాడు. కందకు దురద లేదని ఆయనకు ఎవరు చెప్పారో! నాకు ఒళ్ళు మండింది. మండటం తప్ప నేను చేసిందీ ఏమీ లేదు. ఫారం మీద రాత నాదే కదా.

సిగ్గేసి, బండిలో ఉన్న లీటరు నీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి పోయింది. దాచుకుంటుందనుకున్నాను. కాసేపటికి స్టీలు గ్లాసు కడిగి, ఆ నీళ్ళే నిండా పోసుకుని వచ్చింది.

"ఎండన పడొచ్చినావు. ముందు నువ్వు తాగు నాయనా," అంది.