కంబళప్పను గీసిన ఓబులేశు సార్

పోయిన మంగళవారం ఉదయం, హిందూపురంలో మా పాఠశాల పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతున్న వేళ ధర్మవరం నుంచి ఫోను వచ్చింది. "మేడమ్, మీ సార్ పోయినాడు" అన్నది ఓబులేశు సార్ భార్య రత్నమ్మ. నాకు అర్థం కాలేదు. "యాడికి?" అని అడిగాను. "కాఫీ ఇచ్చేదానికి పోయి లేపితిని మేడమ్. లేయల్యా" అన్నది. నా నోటి నుంచి వెలువడిన ఆ అవివేకపు ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. పోయినాడంటే ఏదో ఊరికి పోయి ఉంటాడని తప్ప, ఆయన విషయంలో మరో అర్థాన్ని నా మనసు అంగీకరించలేకపోయింది.

ఓబులేశు సార్ పెనుకొండలో పద్నాలుగేళ్లు డ్రాయింగు మాస్టరు. అప్పట్లో నేను అదే బడిలో తెలుగు చెప్పేదాన్ని. రోజూ హిందూపురం నుంచి బస్సులో వచ్చి పోయేదాన్ని. ఆయనది కనగానపల్లి దగ్గరి పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. వాళ్ల వంశంలో బడిలో ఉద్యోగం చేసిన తొలి మనిషి ఆయనే. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబు మీద ఎప్పుడూ ఇండియన్ ఇంకు మరకతో ఉండేవారు. మితభాషి. స్టాఫ్‌రూములో ఆయన ఉన్నదీ లేనిదీ ఎవరికీ తెలిసేది కాదు.

తొంభైలలో వానలు బొత్తిగా ముఖం చాటేసిన ఏడు, ఆరో తరగతిలో పిల్లలు సగానికి సగం రావడం మానేశారు. కొందరు అమ్మానాన్నలతో వలసపోయారు. ఉన్నవాళ్లలో చాలామందికి చదవడం రాదు. అప్పుడే సార్ పాత పరీక్ష కాగితాల వెనుక బొమ్మల కథ గీయడం మొదలుపెట్టారు. గీసిన కాగితాలను తాడు కట్టి తరగతి గోడ పొడవునా వేలాడదీసేవారు. అలా పుట్టినవాడు కంబళప్ప.

కంబళప్పకు బానపొట్ట, మిరపకాయ లాంటి ముక్కు. వాళ్ల తాత కంబళి భుజాన వేసుకుని ఒక్కసారి విదిలిస్తే ఆకాశానికి ఎగురుతాడు. అయితే కుక్కలంటే భయం. ఎత్తు అంటే ఇంకా భయం. అబద్ధం ఆడాడా, కంబళి తడిసినట్టు బరువెక్కి వాణ్ణి తెచ్చి పేడకుప్పలో పడేస్తుంది. దప్పికాసురుడనే రాక్షసుడు ఊళ్లో బోర్లన్నీ తాగేస్తే కంబళప్ప వాణ్ణి కొట్టలేదు. పక్కన కూర్చుని, "నిదానంగా తాగప్పా, పొలమారుతాది" అన్నాడు. పుట్టిన నాటి నుంచి తనతో అంత ప్రేమగా ఎవరూ మాట్లాడలేదని రాక్షసుడు ముందు ఏడ్చాడు. తర్వాత కంబళప్ప జోకులకు నవ్వీ నవ్వీ, ముక్కులోంచి నీళ్లు కారి ఊరి చెరువు నిండిపోయింది. ఆ కాగితం తగిలించిన రోజు పిల్లలు గంటకు ముందే వచ్చి నిలబడ్డారు. చదవడం వచ్చినవాణ్ణి రానివాళ్లు చొక్కా పట్టుకుని లాగి, "యేమంటాండాడు? యేమంటాండాడు చెప్పురా!" అని పీడించారు. ఆ ఏడాది చివరికి నేను నేర్పినదానికన్నా కంబళప్ప నేర్పిన చదువే ఎక్కువ.

"వీరుడన్నాక ఒక్క దెబ్బైనా వేయడా సార్?" అని ఒకసారి అడిగాను. "దెబ్బలు మా పిల్లోళ్లకు ఇండ్లల్లో శానా దొరుకుతాండాయి మేడమ్. పుస్తకంలో గూడా ఎందుకు?" అన్నారు.

ఆ తరగతిలో పద్మ అనే అమ్మాయికి నత్తి. పలకరిస్తే ముడుచుకుపోయేది. ఒకరోజు తాడు మీద కొత్త కథలో కంబళప్ప ఎగిరే ముందు "ఎ-ఎ-ఎ-ఎగురుతా!" అన్నాడు. నేను భయపడ్డాను. "సార్, ఆ పాపను ఇంకా ఏడిపిస్తారు, తీసేయండి" అన్నాను. "రెండు దినాలు చూడండి మేడమ్" అన్నారు. రెండో రోజు విరామంలో చూస్తే పిల్లలంతా వరండా గట్టు మీద నిలబడి "ఎ-ఎ-ఎ" అంటూ దూకుతున్నారు. ఎవరికీ సరిగా కుదరడం లేదు. చివరికి పద్మను పిలుచుకొచ్చి, "నువ్వు జెప్పు పద్మా, నీకే బాగొస్తాది" అన్నారు. ఆమె చెప్పింది. అందరూ దూకారు. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఇక్కడితో ఆపగలిగితే ఇది మంచి కథ. కానీ పద్మ ఎనిమిదో తరగతిలో బడి మానేసి ధర్మవరంలో మగ్గం పనికి పోయింది. సార్ మూడుసార్లు వాళ్లింటికి వెళ్లారు. మూడోసారి వచ్చి స్టాఫ్‌రూములో కూర్చుని, "నా కంబళప్ప ఆకాశంలో ఎగిరితే ఏమి లాభం మేడమ్? ఒక యమ్మిని బడిలో నిలబెట్టల్యాకపాయె" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు ఆయన ఏమీ గీయలేదు.

నా అపరాధం ఒకటి ఇక్కడ చెప్పాలి. బొమ్మల మధ్య మాటలను నా చేతనే రాయించేవారు, తన చేతిరాత కుదురుగా లేదని. హిందూపురంలో ఒక ముద్రాపకుడు కంబళప్పను పుస్తకంగా వేస్తానని ముందుకొచ్చాడు. "భాష మాత్రం కొంచెం మార్చాలి" అన్నాడు. పండితురాలిని కదా, నేనే ఉత్సాహంగా మార్చాను. "యాడికి పోతాండావప్పా" అనేది "ఎక్కడికి వెళ్తున్నావు మిత్రమా" అయింది. సార్ చదివి, సరేనని తలూపారు. పుస్తకం వచ్చిన రోజు తరగతిలో పంచాము. పిల్లలు భక్తిగా, నిశ్శబ్దంగా చదివారు. ఒక్కరూ నవ్వలేదు. చివరికి వెనుక బెంచీ నుంచి, "సార్, కంబళప్ప కలెక్టరైనాడా?" అని ఒకడు అడిగాడు. సార్ పకపకా నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సాయంత్రం బస్టాండు దాకా వచ్చి, "మీ తెలుగు బాగుండాది మేడమ్. తప్పేం ల్యా. అయితే భయపడినప్పుడు యెవురూ అట్ల మాట్లాడరు" అన్నారు. నన్ను నొప్పించకుండా నిజం చెప్పడానికి ఆ మాటల కోసం ఆయన ఆ రోజంతా వెతుక్కుని ఉంటారు. సిగ్గుతో ఆ పుస్తకం ఒక్క ప్రతి కూడా నేను దాచుకోలేదు. తాడు మీది కాగితాలను అడిగిన పిల్లలకల్లా ఆయన ఎప్పుడో పంచేశారు.

మళ్లీ మొదటి నుంచి గీయాలని సంకల్పించారు. ఈసారి మాటలు పల్లె మాటలుగానే ఉంటాయి. కొత్త శతాబ్ది తొలి సంవత్సరాలన్నీ ఆ పనిలోనే గడిచాయి. నలభై పుటలు అయ్యాయి. ఆ రోజుల్లో ఆయన బొమ్మలు క్రమంగా చిన్నవి కాసాగాయి. అంచులు వదిలేసి మనుషులంతా కాగితం నడుమకు చేరారు. "కొత్తగా ఉంది సార్, చాలా బాగుంది" అన్నాను నేను. ఆయన నవ్వి ఊరుకున్నారు. అది కొత్తదనం కాదు. నీటికాసులనే కంటిజబ్బు. అంచుల నుంచి చూపు ఆరిపోతోంది. మిగిలిన చూపులో పట్టినంత మేరకే ఆయన గీస్తున్నారు. అద్దాలు మార్చితే సరిపోతుందని ఆయన అనుకున్నారు, నేను మెచ్చుకుంటూ కూర్చున్నాను. బెంగుళూరులో కంటి డాక్టరు చూసి, పోయిన చూపు రాదని చెప్పేశాడు.

ఉద్యోగం మానేసి ధర్మవరంలో బావమరిది ఇంటికి చేరారు. నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. ఒకసారి కాగితం, కలం అడిగారు. తడుముకుంటూ కంబళప్ప ముక్కు గీశారు. కళ్లు చెంప మీద పడ్డాయి. "యెట్లుండాది?" అని అడిగారు. "బాగుంది సార్" అన్నాను. "మీకు అబద్ధం రాదు మేడమ్" అని కలం మూత పెట్టారు. మళ్లీ ముట్టలేదు.

మళ్లీ గీసిన ఆ పుస్తకానికి చివరి పుట ఒక్కటే మిగిలింది. అప్పటిదాకా భయంతో కళ్లు మూసుకుని ఎగిరిన కంబళప్ప, ఆ పుటలో తొలిసారి కళ్లు తెరిచి కిందికి చూస్తాడు. "యేమి కనబడ్తాది సార్?" అని ఎన్నిసార్లు అడిగానో. "గీస్తేనే తెలుస్తాది మేడమ్. చెప్పేదానికి నాకూ తెలీదు" అనేవారు.

ఆయనను పూడ్చేటప్పుడు రత్నమ్మ ఆ నలభై కాగితాలను తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. "నాకు చదువు రాదు మేడమ్. ఆయప్ప బతుకంతా ఇదే. ఆయప్పతోనే పోనీ" అని నా ముఖం చూసింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన మాటలు మార్చినదాన్ని, ఆయన అంధత్వాన్ని కళగా మెచ్చుకున్నదాన్ని, ఆ కాగితాల మీద నాకేం హక్కు? నోరు మూసుకున్నాను. మన్ను పడింది. చేసింది తప్పో ఒప్పో, నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మా ఆరో తరగతిలో పాఠం ఆపి, ఓబులేశు సార్ అనే మహనీయుడు పోయారని చెప్పాను. "ఎవరు మేడమ్ ఆయన?" అన్నారు పిల్లలు. కంబళప్ప కథ చెప్పబోయాను. చెప్పిన కాస్తకూ ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో అమ్మాయి, "కంబళప్ప ఎట్లుంటాడు మేడమ్? బొమ్మ చూపించండి" అంది. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను. ఒక గుండ్రం గీశాను. ఆ తర్వాత ఏం గీయాలో నా చేతికి తెలియలేదు. పిల్లలు ఓపికగా చూస్తూ కూర్చున్నారు. గంట కొట్టేదాకా నేను బోర్డు వైపే నిలబడి ఉన్నాను.