పాత మబ్బుల బొమ్మ

ఆ చిన్న విమానాశ్రయంలో ఆమెను అందరూ కెప్టెనమ్మ అనేవారు. ఒంటి ఇంజను విమానంలో దీవుల్లోని ఆసుపత్రులకు ఏళ్లతరబడి మందులు చేరవేసింది. చూపు తగ్గిందని వైద్యపరీక్షలో తేలాక ఆమె సీటు తమ్ముడికి వచ్చింది. వాడికి విమానం నడపడం నేర్పిందీ ఆమే. అక్క కంటే జానెడు పొడుగున్నా ఇంట్లో వాడు పొట్టోడే. ఆమె రేడియో గదికి మారి వాడి రాకపోకలు కనిపెట్టుకుని ఉండేది.

"ఆకాశంలో కూడా నన్ను వదలవా అక్కా?" అని వాడు వేళాకోళమాడేవాడు.

ఆ విమానంలో రాడార్ లేదు. నేలమీది రాడార్లు చూసిన వానల బొమ్మ ఉపగ్రహం ద్వారా ట్యాబ్‌లోకి వచ్చేది. మామూలు వాన పచ్చగా, గాలివాన ఎర్రగా కనిపించేది. పొట్టోడికి ఆ ట్యాబ్ మీద మహా గురి.

ఒక మధ్యాహ్నం వాడు దీవి నుంచి తిరిగి వస్తుండగా సముద్రం మీద మబ్బులు కమ్ముకున్నాయి.

"అక్కా, ఎదురుగా రెండు ఎర్ర ముద్దలున్నాయి. మధ్యలో దారి కనిపిస్తోంది. అందులోంచి వచ్చేస్తా."

"ఎక్కడ కనిపిస్తోందిరా? కిటికీలోనా, ట్యాబ్‌లోనా?"

"ట్యాబ్‌లో. బయటంతా మబ్బు కమ్మి తెల్లగా ఉంది. బొమ్మ కొత్తదేలే, రెండు నిమిషాల కిందటిదని రాసుంది."

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. ఆ రెండు నిమిషాలు బొమ్మ తయారైనప్పటి నుంచి లెక్క. అందులోని వానను నేలమీది రాడార్లు చూసింది అంతకు ముందెప్పుడో. పావుగంట కిందటిదైనా కావచ్చు. ఆలోపు రెండు మబ్బులూ కలిసిపోగలవు.

"ఆ లెక్క నమ్మకు. వెంటనే వెనక్కి తిప్పు. దీవికెళ్లిపో, రేపు వద్దువుగాని."

"సరే అక్కా, తిప్పుతున్నా. అన్నానికి చూడొద్దని అమ్మకు..."

గరగరమని శబ్దం వచ్చింది. ఆ తర్వాత జవాబు లేదు. మొదట విమానం నంబరుతో పిలిచింది. తర్వాత పొట్టోడా, పొట్టోడా అని పిలుస్తూనే ఉంది. చివరికి మెకానిక్ వచ్చి మైకు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

మర్నాడు చేపల పడవలవాళ్లకు రెక్క ముక్క దొరికింది. ఆ సాయంత్రం వాడూ దొరికాడు.

అంతా అయిపోయాక తల్లి అడిగింది. "వాడికి దారి కనిపించిందన్నావు కదే?"

"కనిపించిందమ్మా. అప్పటికే అది మూసుకుపోయింది."

"మూసుకుపోయినదాన్ని ఎందుకు చూపించింది ఆ పెట్టె?"

"అది చూపించేది పాత బొమ్మమ్మా. నాకు తెలుసు. వాడికీ తెలిసే ఉంటుందనుకున్నా. ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు."

తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది కూతురికి.

రేడియో గదిలో మళ్లీ కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. పైలట్లకు శిక్షణనిచ్చే బడిలో పాఠాలు చెప్పడానికి చేరింది. మొదటి క్లాసులోనే ఒకమ్మాయి లేచి అడిగింది.

"బొమ్మ రెండు నిమిషాలదేనని ఉన్నా నమ్మకూడదా మేడమ్?"

"మబ్బుల్ని దూరం నుంచి చుట్టి పోవడానికి నమ్ము. మధ్యలోంచి దూరడానికి నమ్మకు."

"అలా ఎవరైనా దూరారా మేడమ్?"

"మా తమ్ముడు..." అంది. బయటికి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. తిరిగి వచ్చేసరికి పిల్లలెవరూ కదలకుండా కూర్చుని ఉన్నారు. కొంగుతో చేతులు తుడుచుకుని, పాఠం మొదటినుంచి మళ్లీ చెప్పింది.