ఒక్కో టైరుకీ ఒక్కో సిట్టింగు

పళ్ళ డాక్టరు ఎవరు ఎదురుపడినా ముందు ముఖం చూడడు, కారు టైర్లు చూస్తాడు. మనిషి మంచివాడా, మాట మీద నిలబడేవాడా అన్న సంగతులు తర్వాత. ఆ టైర్లలో ఉన్నది మామూలు గాలా, నైట్రోజనా అన్నది ముందు తేలాలి. మామూలు గాలే అని తెలిస్తే, చలిలో చొక్కా లేకుండా తిరిగే పిల్లవాణ్ణి చూసినట్టు జాలిగా చూస్తాడు.

నైట్రోజన్ కొట్టించిన టైరుకి సాధారణంగా ఆకుపచ్చ మూత పెడతారు. ఆ పచ్చమూత ఉందో లేదో చూడటానికి ఆయన రోడ్డు పక్కన ఆగి ఉన్న కార్ల దగ్గర గొంతుక్కూర్చోవడం, టైరు దొంగ అనుకుని కారుగలాయన కేకలేస్తూ రావడం, వచ్చినాయనకి డాక్టరు నైట్రోజన్ గురించి అరగంట చెప్పి పంపించడం ఆ వీధిలో అందరికీ అలవాటైపోయింది.

క్లినిక్కులో మరీ అన్యాయం. దవడ పట్టుకుని వచ్చినవాణ్ణి కుర్చీలో పడుకోబెట్టి, "ఏ పన్ను?" అని అడగాల్సిన మనిషి "ఏ బండి?" అని అడుగుతాడు. ఆ తర్వాత నోట్లో అద్దం, దూది, నీళ్ళు పీల్చే గొట్టం అన్నీ సర్దేసి మొదలుపెడతాడు.

"మామూలు గాలి ఉందే, అది చిన్నపిల్లల్లాంటిది. ఏ సందు దొరికినా జారుకుంటుంది. నైట్రోజన్ అలా కాదు. చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త. ఒకసారి కూర్చుందంటే కదలదు. ఏమంటారు?"

"ఆ... ఆ..." అంటాడు రోగి. నోరు తెరిచి ఉన్నవాడు ఇంకేమంటాడు.

"చూశారా, మీరూ ఒప్పుకున్నారు."

పుచ్చుపన్నుతో ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు పన్నులో సిమెంటు, టైర్లలో నైట్రోజన్, రెండూ నింపించుకుని గానీ ఇల్లు చేరరని పేరు. చుట్టాలకీ మినహాయింపు లేదు. ఒకసారి ఆయన భార్య తరఫు అన్నగారు గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, "రండి బావగారూ, ప్రెషర్ ఎంత?" అన్నాడట. పాపం ఆ పెద్దమనిషి జేబులోంచి బీపీ మందుల చీటీ తీసి చేతికిచ్చాడు.

ఈ విషయంలో డాక్టరుకి ఎదురు చెప్పేది ఒక్క ఆయన వదిన, అంటే సొంత అన్న భార్య. పక్క వీధిలోనే ఇల్లు. ఇల్లు, వంట, మొక్కలు తప్ప పెద్దగా లోకం తిరిగిన మనిషి కాదు.

"గాలిలో ఉండేదే ముప్పాతిక పైన నైట్రోజన్ అంటగా. మళ్ళీ వేరే ఎందుకయ్యా కొట్టించడం?" అని అడిగింది ఒకసారి.

"పాలల్లో ఉండేదీ ఎక్కువ నీళ్ళే వదినా. అలాగని గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చి పాలు తాగమంటే ఊరుకుంటావా?"

ఆవిడ విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందుగదిలో ఆవిడ భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. తమ్ముడు వచ్చినప్పుడల్లా ఆయన అలా నవ్వేవాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. కొద్దిరోజుల జబ్బే, అంతలోనే అయిపోయింది. ఆఖరిసారి తీసుకువెళ్ళడానికి వచ్చిన బండి దగ్గర కూడా పళ్ళ డాక్టరు గొంతుక్కూర్చుని టైర్లు నొక్కి చూశాడు. "గాలి తక్కువగా ఉంది బాబూ. మా అన్నకి కుదుపులు పడవు" అన్నాడు. డ్రైవరు మూల మీద షాపు దాకా వెళ్ళి గాలి చూపించుకుని వచ్చాడు. చుట్టాలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ రోజు ఎంతమంది ఎన్ని ఓదార్పు మాటలు చెప్పినా, వదినకి గుర్తుండిపోయింది అదొక్కటే.

ఆ తర్వాత ఇంటి ముందు కారు మీద కవరు కప్పేశారు. కారు నడపడం ఆవిడకి రాకపోలేదు. భర్తే ఓపిగ్గా నేర్పించి లైసెన్సు ఇప్పించాడు, పక్కన కూర్చుని నడిపించాడు. ఆయన లేకుండా మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. నడపాలంటే సీటు ముందుకి జరుపుకోవాలి. జరిపితే ఆయన కూర్చున్న చోటు పోతుంది. అక్కడే ఆగిపోయింది.

ఆవిడ పుట్టింటి అన్న హెడ్మాస్టరు. ఒకరోజు వచ్చి కవరు మీద దుమ్ము వేలితో గీసి చూసుకున్నాడు.

"నడవని బండి, తోడని బావి ఒకటేనమ్మాయ్. ఉంచేకొద్దీ పాడవుతుంది. నాకు తెలిసినాయన కొంటానంటున్నాడు. నెలాఖరుకి తీసుకొస్తాను. నువ్వు నడిపేదానివైతే అమ్మమని ఎందుకంటాను చెప్పు?"

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు లేని మాటకి ఎదురు చెప్పడమే కష్టం. కారు పోవడం ఆవిడకి ఇష్టం లేదు. నడపడానికి ధైర్యం లేదు. సరేనని తలూపింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో, మర్నాడు పొద్దున్నే పళ్ళ డాక్టరు ఊడిపడ్డాడు. కారు కవరు ఎత్తి, వెంట తెచ్చిన కొత్త బ్యాటరీ బిగించి, నాలుగు టైర్లూ పన్ను తట్టినట్టు తట్టి చూసి పెదవి విరిచాడు.

"చూశావా వదినా, నిలబడి నిలబడి ఎలా చతికిలబడ్డాయో. ట్రీట్‌మెంటు కావాలి."

"తాళం గోడకి ఉంది. తీసుకెళ్ళు."

"నేను నడిపితే టైర్ల మాట ఎవరు వింటారు? నువ్వు నడుపు, నేను వెనక కూర్చుని చెవిపెడతాను."

"నా వల్ల కాదయ్యా. ఎలాగూ అమ్మేసేదేగా."

"అమ్మేసేదైతే మాత్రం? రోగిని ఇంటివాళ్ళు తీసుకురావాలి గానీ డాక్టరు మోసుకుపోతాడా ఎక్కడైనా?"

ఈయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరని ఆవిడకి తెలుసు. తాళం తీసుకుని వచ్చి ఎక్కింది. కాళ్ళు సగం దూరానికే అందాయి. అలాగే కూర్చుండిపోయింది.

డాక్టరు వెనక సీట్లోంచి గొంతు సవరించుకున్నాడు. "సీటు అంత వెనక్కి ఉంటే బరువంతా వెనక టైర్ల మీదే పడుతుంది వదినా. ట్రీట్‌మెంటు వాటికి పట్టదు. కాస్త ముందుకి జరుపు."

టైర్ల కోసం జరపమంటే జరపడం ఎందుకో అంత కష్టమనిపించలేదు. జరిపింది.

షాపు ఊరికి ఆ చివర, ఫ్లైఓవర్ దిగాక ఎక్కడో ఉంది.

"దగ్గర్లో ఇంకెక్కడా లేదా?"

"ఉంటాయి. హస్తవాసి ఉండొద్దూ? పన్నుకైనా టైరుకైనా చెయ్యే ముఖ్యం."

ఫ్లైఓవర్ మీద పక్కనుంచి లారీ వచ్చేసరికి ఆవిడ బెదిరిపోయి బ్రేకు తొక్కింది. ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తే డాక్టరు గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఆగింది మంచిదే వదినా. ముందు ఎడమ టైరు ఊపిరి ఇప్పుడు బాగా వినిపిస్తోంది."

"ఊరంతా తిడుతుంటే నీకు టైరు ఊపిరి కావలసి వచ్చిందా?" ఒళ్ళు మండి తాళం తిప్పింది. కోపంలో భయం మర్చిపోయింది. కారు కదిలింది.

షాపు దగ్గర ఆవిణ్ణి బయట కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు లోపలికి వెళ్ళాడు. టైర్ల షాపాయనతో చాలాసేపు ఏదో మాట్లాడాడు. వచ్చి, "ఇవాళ్టికి ఒక్క టైరే" అన్నాడు.

"ఇంతదూరం వచ్చాం. నాలుగూ కొట్టించేస్తే పోలా?"

"నాలుగు పళ్ళు ఒక్కసారే పీకుతానా? దవడ తట్టుకోవద్దూ? ఒక్కో టైరుకీ ఒక్కో సిట్టింగు. వారానికొకటి."

ఇంకెవరైనా ఈ మాట చెబితే ఆవిడ నమ్మేది కాదేమో. కానీ ఒక్క పన్నుకే మనుషుల్ని నెలల తరబడి తిప్పుకునే మరిది చెప్పాడు. లోకంలో అన్నీ అంతే కాబోలు అనుకుంది.

అలా సిట్టింగులు సాగాయి. రెండో టైరుకి బజారు వీధిలోంచి వెళ్ళాలన్నాడు. అక్కడ స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ, కుదిపితే నైట్రోజన్ బాగా సర్దుకుంటుందన్నాడు. మూడో టైరు రోజు వాన పడుతుంటే, తడిరోడ్డు సిట్టింగు అసలే దొరకదు పద పద అని తొందరపెట్టాడు. నాలుగో టైరుకి షాపు ముందు కారుని వెనక్కి నడిపి రెండు బళ్ళ మధ్యన పెట్టమన్నాడు. "వెనక్కి నడిపితే మూలమూలలకీ అందుతుంది వదినా. కుక్కరు మూత అటూ ఇటూ తిప్పి బిగించవూ?" ఆవిడ పళ్ళు నూరుకుంటూనే అన్నీ చేసింది.

ఒకరోజు డాక్టరు భార్య ఫోను చేసింది. "అక్కా, ఆ టైర్ల పని ఎప్పటికి అవుతుంది? సిట్టింగు రోజు మీ మరిది పొద్దున్నుంచీ ముద్ద ముట్టరు. ఏమండీ అంటే టైర్ల బెంగ అంటారు."

"ఆ పిచ్చికి మందు లేదమ్మా" అంది వదిన.

నెలాఖరు వచ్చింది. సాయంత్రం హెడ్మాస్టరు కొనే ఆయన్ని వెంటబెట్టుకు వస్తానని కబురు పెట్టాడు. పొద్దున డాక్టరు నుంచి ఫోను.

"వదినా, ఇవాళ నేను రాలేను. ఒక జ్ఞానదంతం మొండికేసి కూర్చుంది. డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరుకి సిట్టింగు మిగిలిపోయింది. నువ్వు వెళ్ళి కొట్టించుకురా."

"సాయంత్రానికి చేతులు మారే బండికి స్టెప్నీ ఏమిటయ్యా?"

"సగం కట్టిన పన్నుతో మనిషిని బయటికి పంపిస్తానా? నా పరువేం కావాలి?"

ఫోను పెట్టేసి, మరిదినీ, ఆయన పరువునీ, నైట్రోజన్ కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టుకుంటూ బయల్దేరింది. తిట్టవలసింది చాలా ఉంది. అంతా అయ్యేసరికి ఫ్లైఓవర్ దిగేసింది. అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీగా ఉంది. అప్పుడు తట్టింది, తను ఒక్కతే వచ్చిందని.

టైర్ల షాపాయన టీ గ్లాసు పక్కన పెట్టి కారులోకి తొంగిచూశాడు. "డాక్టరుగారు రాలేదామ్మా?"

"రాలేదు. త్వరగా స్టెప్నీ చూడు బాబూ, పనుంది."

"అంటే, మీరు ఒక్కరే నడుపుకుంటూ వచ్చారా?"

"మరి కారు దానంతటదే వచ్చిందా?"

ఆయన ముఖమంతా నవ్వయింది. గుడ్డతో చేతులు తుడుచుకుని కుర్చీ జరిపాడు. "కూర్చోండమ్మా. స్టెప్నీకేం అక్కర్లేదు. అన్నిటికీ మొదటి రోజే కొట్టేశాను."

"మరి వారంవారం చేసిందేమిటి?"

"మూత తీసి మళ్ళీ మూత పెట్టేవాణ్ణి. మీరిక్కడ కూర్చుంటే ఆయన లోపలికొచ్చి మంచినీళ్ళు తాగేవారు. గ్లాసు చాలక చెంబే చేతికిచ్చేసేవాణ్ణి. 'మా వదిన ఒక్కతే వచ్చిన రోజు పని పూర్తయినట్టు. అప్పుడు చెప్పెయ్' అన్నారు." ఇక దాచడమెందుకనుకున్నాడో ఏమో, "మీ వీధి మలుపులో ఉన్నది మా తమ్ముడి షాపేనమ్మా. అక్కడా నైట్రోజన్ ఉంది" అన్నాడు.

వదిన కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదీ రాలేదు. ఏడాదిగా గుండె మీద కూర్చున్నది ఏదో కాస్త పక్కకి జరిగి, ఊపిరికి చోటిచ్చినట్టయింది. కారు తీసి తిన్నగా క్లినిక్కుకి పోనిచ్చింది.

జ్ఞానదంతం మనిషి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు తల తిప్పకుండానే అడిగాడు. "స్టెప్నీ అయ్యిందా వదినా?"

"అయ్యింది. మొదటి రోజే అయ్యిందట."

డాక్టరు చేతిలో పట్టకారు ఆగింది.

"నాతో ఒక్కమాట చెప్పకూడదూ?"

"చెప్పి పీకితే ఏ పన్ను ఊడుతుంది వదినా? మాటల్లో పెట్టాలి గానీ."

ఆ మాటకి కుర్చీలో మనిషి హడలిపోయి ఠక్కున నోరు మూసుకున్నాడు. మూసుకుని, నాలుకతో తడుముకుని, కళ్ళు పెద్దవి చేశాడు. పన్ను అప్పటికే పట్టకారులో ఉంది.

"ఎప్పుడు తీశారండీ?" అన్నాడు ముద్దముద్దగా.

"నైట్రోజన్ మాటలు మేనత్త దాకా వచ్చినప్పుడు."

సాయంత్రం హెడ్మాస్టరు, కొనే ఆయన ఆటోలో దిగారు. వచ్చిన ఆటోని పంపించేశారు, తిరుగు ప్రయాణం కారులోనే అన్న ధీమాతో. వదిన గుమ్మంలోనే చెప్పేసింది. "అన్నయ్యా, కారు అమ్మడం లేదు. నేను నడుపుతున్నాను."

"ఎప్పటి నుంచి?"

"టైర్లకి ట్రీట్‌మెంటు మొదలైనప్పటి నుంచి."

హెడ్మాస్టరు చెల్లెలి వైపు, పక్కన నిలబడ్డ పళ్ళ డాక్టరు వైపు మార్చి మార్చి చూశాడు. నోటిమాటగా చెప్పిన జవాబులకి మార్కులు వేసే అలవాటు ఆయనకి లేదు. వదిన తాళం తీసుకుంది. "నమ్మకం లేకపోతే ఎక్కు. ఆయన్నీ, నిన్నూ ఇంటి దగ్గర దింపి వస్తాను."

కారు కొనడానికి వచ్చినాయన ఆ కారులోనే వెనక సీట్లో కూర్చుని ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా డాక్టరు ఆయన పక్కనే కూర్చుని నైట్రోజన్ గురించి చెప్పాడు. ఫ్లైఓవర్ మీద మాత్రం కొనడానికి వచ్చినాయన నోరు విప్పాడు. "కాస్త నెమ్మదిగా పోనివ్వండమ్మా. నాకేం తొందర లేదు." హెడ్మాస్టరు తన ఇంటి ముందు దిగి, తలుపు వేసి, అద్దంలోంచి వంగి చూశాడు. "ఫస్టుక్లాసు" అన్నాడు. బండి భారం తన నెత్తిన లేనందుకు ఆయన ముఖం కూడా తేలికపడింది.

తిరుగుదారిలో డాక్టరు ముందు సీట్లోకి మారాడు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది.

"నిజం చెప్పు. ఇన్నాళ్ళూ నాతో వచ్చావు, నీకు భయమెయ్యలేదూ?"

"ఎందుకెయ్యలేదు? మొదటి రోజు ఆ లారీ పక్కన ఆపేశావే, అప్పుడు నా పెళ్ళాం పేరు నాకు గుర్తురాలేదు."

"మరి ఏం చూసుకుని మళ్ళీ మళ్ళీ ఎక్కావయ్యా?"

ఇది కూడా అడగాలా అన్నట్టు చూశాడు డాక్టరు. "టైర్లలో నైట్రోజన్ ఉందిగా వదినా."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. లైటు పచ్చగా మారింది. నవ్వుతూ నవ్వుతూ క్లచ్ మీంచి కాలు తీసేసింది, ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. ఒకాయన కారులోంచి తల బయటపెట్టి, "ఏమైందమ్మా, బండి చెడిపోయిందా?" అని అరిచాడు.

వదిన అద్దం దించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చెడిపోలేదు నాయనా. నవ్వొస్తోంది. అవగానే కదులుతాను."

ఆయన హారన్ మీది నుంచి చెయ్యి తీసేశాడు.