లెన్స్‌లో బూజు

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కి, ముందు రోజే కొన్న జూమ్ లెన్స్‌ను మురిపెంగా చూసుకుంటున్నాను. ఏది కొనాలో తేల్చుకోలేక నెలల తరబడి సతమతమవుతుంటే, నాకు ఫోటోలు తీయడం నేర్పిన స్నేహితుడే తన పాత లెన్స్ అమ్మాడు. "కొండ మీది పిట్టలు దగ్గరకొస్తాయిరా" అన్నాడు.

పక్కసీటు పెద్దాయన ఒకప్పుడు స్టూడియో నడిపారట. లెన్స్ అడిగి తీసుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు.

"లోపల బూజు పట్టి ఉండాది అబ్బయా."

"అమ్మినోడు చూసుకోలేదేమో."

"చూసే ఉంటాడు. విప్పినట్టు స్క్రూల మీద గీతలుండాయి. బూజు పోకపోయేసరికి నీకు అంటగట్టినాడు. తెలిసినోడా?"

ఆయన మూత పెట్టి, లెన్స్ నా ఒళ్లో ఉంచారు.

స్నేహితుణ్ణి నేనేమీ అడగలేదు. మొన్న ఇంకో లెన్స్ ఉందని ఫోన్ చేస్తే, ఫోటోలు తీయడం మానేశానని అబద్ధం చెప్పాను.