ఖాళీగా వదిలేసిన రెండో ప్రశ్న

మా స్కూలుకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ "మీరు అచ్చమైన నెర్డ్ మేడం" అన్నప్పుడు, కోపం తెచ్చుకోవాలో థాంక్స్ చెప్పాలో నాకు తెలియలేదు. సత్తెనపల్లి మీదుగా పోయే బస్సుల్లో ఏది దారిలో టీకి ఆగుతుందో, ఏది ఆగదో ఆమెకు చెబుతున్నాను అప్పుడు. డిక్షనరీ తీస్తే తెలివైనవాడని ఒకచోట, నలుగురిలో కలవలేనివాడని ఇంకోచోట ఉంది. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. "నీకున్నదానికి మనూళ్ళో వేరే పేరుందిలే" అన్నారు.

నాకు బస్సు టైముల పిచ్చి. పదకొండు నోటుబుక్కులున్నాయి. మొదటిది చిన్నది, పెళ్ళికి ముందు మొదలుపెట్టింది, ఎవరికీ చూపించలేదు. మిగతా పదీ బీరువా మీద అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడన్నీ ఫోన్లోనే తెలుస్తాయంటారు గానీ, ఫోన్లో ఉండేది బస్సు రావలసిన టైము, నా పుస్తకంలో ఉండేది వచ్చే టైము. అయితే ఈ మాట ఎవరితో చెప్పను? స్టాఫ్ రూంలో నేను నోరు విప్పగానే ఎవరో ఒకరికి ఫోనొస్తుంది. ఇంట్లో మా ఆయన వింటారు. వింటారంతే, ఒక్క ప్రశ్న వెయ్యరు. పైగా పొద్దున పూట బండి మీద తీసుకెళ్ళి, బస్సుకి అరగంట ముందే నన్ను ప్రత్తిపాడు రోడ్డు మీద దించేస్తారు. ఇన్ని టైములు తెలిసిన మనిషికి ఆ ఎదురుచూపులేమిటో, ఆయన చాదస్తమేమిటో అని విసుక్కునేదాన్ని.

నెర్డులమని చెప్పుకునేవాళ్ళంతా కలిసి తెలుగులో ఒక ఆన్‌లైన్ గుంపు పెట్టుకున్నారనీ, దరఖాస్తు చేసుకుంటే చూసి చేర్చుకుంటారనీ ఆ టీచరమ్మే చెప్పింది. నాకు మహా ఆశ పుట్టింది. విసుక్కోకుండా వినేవాళ్ళు ఒక్క చోట ఉంటే చాలనిపించింది.

ముందు ఆ గుంపులో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని వాకబు చేశాను. ఒక మాట చెప్పేవాళ్ళు లేకుండా మనవైపు ఏ పనవుతుంది గనక? ఎవరూ దొరకలేదు. ఇక లాభం లేదని "గౌరవనీయులైన అడ్మిన్ గారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, తండ్రి పేరు, చదువు, సర్వీసు అన్నీ రాసి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించిన టెన్త్ సర్టిఫికెట్ ఫోటో తీసి పంపాను. మర్నాడు జవాబొచ్చింది. "మేడం గారూ, ఇవేవీ అక్కర్లేదండి. కింది మూడు ప్రశ్నలకు రాస్తే చాలు" అని.

మొదటిది, మీకు దేని పిచ్చి? దానికి వేలు నొప్పిపుట్టేదాకా రాశాను. రెండోది, ఆ పిచ్చి వల్ల ఏమైనా పోగొట్టుకున్నారా? అది చదివి, చదవనట్టే కిందికి జరిపేశాను. మూడోది, మీతో ఉండేవాళ్ళు మీ గురించి నాలుగు మాటలు రాయాలి. ఎవరి గొప్ప వాళ్ళే చెప్పుకోవడం నాకెలాగూ ఎబ్బెట్టు, ఈ పద్ధతి నచ్చింది. ఫోను మా ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళాను. పత్తి చేలో పనికి కూలీలను పిలవడానికి తప్ప ఫోను పట్టని మనిషి, చాలాసేపు టైపు చేస్తూ కూర్చున్నారు. తిరిగొచ్చి చదివాను.

"మా అత్తగారికి సీరియస్‌గా ఉందని దాచేపల్లి నుంచి కబురొచ్చిన రోజు మబ్బు పట్టింది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పొచ్చేసరికి లేటయింది. ఈమెని రోడ్డు మీద లేటుగా దించాను. గుంటూరులో దాచేపల్లి బస్సు తప్పిపోయింది. ఈమె వెళ్ళేసరికి ఆవిడ పోయారు. అప్పట్నించే ఈమె టైములు రాసుకోటం మొదలెట్టింది. తప్పు నాది. మీరైనా చేర్చుకోండి."

ఆ రోజు మా అమ్మ పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఇంత ఆలస్యమేమని ఎవరో అడిగారు. "రోడ్డు మీదికి రావడమే లేటయింది" అన్నాను. ఒక్క మాటే. ఆయన అప్పుడే వెనక బస్సులో వచ్చి, గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ మాట ఆయన విన్నారని కూడా ఇన్నేళ్ళుగా నాకు తెలియదు.

ఆయన లేటుగా దించిన మాట నిజమే. కానీ నేను గుంటూరు బస్టాండులో దిగేసరికి దాచేపల్లి బస్సు ఇంకా కదల్లేదు. దాని పక్కనే ఒకతను నిచ్చెనెక్కి, బోర్డు మీద కొత్త టైములు రంగుతో రాస్తున్నాడు. ఒక్క వరసే రాసుకుని ఎక్కుదామని చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీశాను. ఒక వరస రెండయింది, రెండు నాలుగయ్యాయి. తల తిప్పి చూస్తే బస్సు లేదు. తర్వాతది ఇంకో గంటంపావుకి గానీ లేదు. మా అమ్మ నేను చేరడానికి అరగంట ముందు పోయింది.

దీన్ని పిచ్చి అనాలో పాపం అనాలో నాకప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ రోజు తర్వాత మానేశానా అంటే అదీ లేదు, ఇంకా పది పుస్తకాలు నింపాను. రెండో ప్రశ్న కింద ఉన్నదున్నట్టు రాసి, బీరువాలోంచి ఆ మొదటి నోటుబుక్కు కూడా తీసి, రెండూ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఫోను చదివారు, పుస్తకంలో ఆ పేజీ చూశారు. కోపమొచ్చిందో, బాధేసిందో ఆ మొహం చూసి పోల్చుకోలేకపోయాను. "అంటే మిరపకాయల వల్ల కాదా?" అన్నారు.

"కాదండీ."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

ఆయన తను రాసినదాంట్లోంచి "తప్పు నాది" అన్న రెండు మాటలూ చెరిపేసి, ఆయనే పంపేశారు.

పొద్దున లేచి చూస్తే గుంపు వాళ్ళ జవాబింకా రాలేదు. దానికంటే ఆయనేమంటారోనన్న భయమే ఎక్కువగా ఉంది. రోజూ అరగంట ముందే చేరేలా బయల్దేరే వేళకి బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాను. బండి తాళం మేకుకే వేలాడుతోంది. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"కూర్చో. బస్సు ఏడూ నలభైకి గదా, ఇంకా బోలెడు టైముంది" అన్నారు.