నా పేరు మీద పసుపు

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే కాపురం ఉండేది (ఇప్పుడు అప్పుడప్పుడూ పుట్టింటికి వెళ్ళొస్తోంది). రాయగడలో ఎవరు ఏది కోరితే అది అచ్చువేసిచ్చే చిన్న ప్రెస్సులో బొమ్మలు గీసే ఉద్యోగం నాది. కోరికలంటే మామూలువి కావు. రామనగుడ రైతొకాయన తన ఆవు బొమ్మతో గోడ గడియారం చేయించుకున్నాడు. మాచ్‌ఖండ్ కాలనీవాళ్ళు రిటైరయ్యే పెద్దమనిషికి ఆయన కూర్చున్న కుర్చీ బొమ్మనే కప్పు మీద వేయించి ఇచ్చారు. అన్నీ గీసింది నేను, అన్నిటి మీదా ఉండేది ప్రెస్సు పేరు! ఇదెక్కడి న్యాయమని రోజూ మా ఓనరుతో పోట్లాడేదాన్ని. ఆయన్ని అందరూ రంగుల బావు అనేవారు, ఇంకు మరక లేని చొక్కా ఆయనకి లేదు కాబట్టి. నా పోరు పడలేక చివరికి, "సరేలే అమ్మీ, ఈసారొచ్చే పెద్ద పని నువ్వొక్కర్తివీ సెయ్యి. కింద నీ పేరు ఏసేద్దాం" అన్నాడు.

ఆ పెద్ద పని బట్టల షావుకారి కూతురి పెళ్ళి రూపంలో వచ్చింది. శుభలేఖ తువ్వాలు మీద అచ్చువేయాలట. "కార్డైతే సదివి పారేస్తారు. తువ్వాలైతే పదేళ్ళు మొకం తుడుసుకుంటారు, మాం పిలిసేమని గేపకముంటాది" అన్నాడు షావుకారు. నెల రోజులు దాని మీదే ఉన్నాను. రంగు పోతుందేమోనని నమూనా తువ్వాలు ఉడకబెట్టాను, బండకేసి బాదాను. పై మూలల్లో రెండు ఏనుగులు, కింద ఎడమ మూల చిలక, కుడి మూల పూర్ణకుంభం. ఆ కుంభం కింద చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు. మున్సిపాలిటీలో పంపు నడిపే మా నాన్న అప్పటికే ఆఫీసంతా చాటింపు వేసేశాడు.

తువ్వాళ్ళ మూటలు నేనే షావుకారింటికి తీసుకెళ్ళాను, నలుగురూ నన్ను మెచ్చుకుంటుంటే కళ్ళారా చూద్దామని. హాల్లో ఆడవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. షావుకారి తల్లి, ఆ ఇంటి మామ్మ, మొదటి తువ్వాలు పరిచి, తడిపసుపు గిన్నెలో బొటనవేలు ముంచి మూలన అద్దింది. ఒక ఏనుగు పోయింది!

"మామ్మా, ఆగండి! అక్కడ బొమ్మలున్నాయి!"

"ఉంటే ఉన్నాయిలే. మూలలకి పసుపెట్టకుండా శుభలేఖ పంచుతారేటి? నువ్వు మన పిల్లవి కాదేటి?"

"కింద నా పేరుంది మామ్మా!"

ఆవిడ తువ్వాలు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, ముచ్చటపడిపోయింది. "నీ పేరా? అయితే ఇంకాస్త ఎక్కువెడతానుండు. నీకూ బేగి పెళ్ళయిపోద్ది."

అక్కడితో ఆగితే బాగుండేది. నా చేతికీ ఓ గిన్నె ఇచ్చి కూర్చోబెట్టారు. నా పేరు మీద నేనే, నా చేత్తోనే, సాయంత్రం దాకా పసుపు పూశాను! ప్రెస్సుకొచ్చి రంగుల బావు మీద విరుచుకుపడితే, "మనోళ్ళ శుభలేఖకి మూలల్లో బొమ్మలేటమ్మీ?" అని నవ్వాడు. మా ఇంటి పెళ్ళిళ్ళన్నిటికీ అమ్మ పక్కన కూర్చుని మూలలకి పసుపు పెట్టింది నేనే. ఆ సంగతి నాకెలా గుర్తులేకపోయిందో ఇప్పటికీ తెలీదు. రెండు రోజులు అన్నం మానేశాను. నాన్న మాత్రం ఓ తువ్వాలు ఆఫీసుకి పట్టుకెళ్ళి, "ఈ పసుపు కింద మా అమ్మి పేరుంది" అని అందరికీ చూపించాడు.

మొన్నామధ్య టికిరి సంతలో ఉల్లిపాయలమ్మే ఆయన భుజం మీద ఆ తువ్వాలు కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే, ఉతికీ ఎండేసీ పసుపు పూర్తిగా పోయింది. నా పేరు మాత్రం నిక్షేపంలా ఉంది. కళ్ళు చెమర్చాయి.

"ఏటమ్మా, తువ్వాలు అలాగ సూస్తన్నారు?" అన్నాడు. మా వైపు మనిషే.

"ఆ కింద ఉన్నది నా పేరే బాబూ. ఆ బొమ్మలు నేనే గీశాను."

ఆయన తువ్వాలు విప్పి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అయితే ఈ పందులు తమరేసినవేనా?"

"అవి ఏనుగులు!" అని సంతంతా వినిపించేలా అరిచాను. తర్వాత నేనూ పరీక్షగా చూస్తే, పాపం, ఆయన తప్పేం లేదు. పెళ్ళినాడు వాటిని దాచేసిన మామ్మ బొటనవేలికి మనసులోనే దండం పెట్టుకుని, నవ్వుకుంటూ రెండు కిలోల ఉల్లిపాయలు కొనుక్కున్నాను.