సింగపూర్ రైలు తలుపు దగ్గర

మా బడి వంద మంది పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్లింది. వంద కాదులెండి, పద్దెనిమిది మంది. కోపం వస్తే నాకు లెక్కలు ఉబ్బుతాయి. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ కోపమే.

తొంభైల చివర. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తోంది. చుట్టుపక్కల బండలు పేలుస్తుంటే మా తరగతి కిటికీలు గడగడలాడేవి. మా కరస్పాండెంటుకి, అంటే బడి యజమానికి, ఆ మేడను చూసి పూనకం వచ్చింది. "రేపు మన పిల్లలంతా అందులో కూర్చోవాలండీ మాష్టారూ. ముందు ఫారిన్ చూడాలి" అన్నాడు. సోషల్ చెప్పే నన్ను కాపలాకి వెంటబెట్టుకున్నాడు.

ఏం చూపించాడు? పొద్దున్నే పులిహోర పొట్లాలు, అందరికీ ఒకే రంగు టోపీలు, చేతులు పట్టుకుని జంటలుగా నడక. బయటివాళ్లతో మాట్లాడకూడదు. దేన్నీ ముట్టుకోకూడదు. కనపడ్డ ప్రతి బొమ్మ ముందూ ఫొటో. గొర్రెల్నయినా ఇంతకంటే వదులుగా తోలుతారు.

ఒకరోజు అక్కడి రైలెక్కుతున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, మాదాపూర్ పిల్లే, తలుపు దగ్గర ఆగి కరస్పాండెంటుకి దారిచ్చింది. మా బడిలో అది చట్టం. పెద్దలకంటే ముందు గడప దాటితే గోడకుర్చీ. ఆయన దర్జాగా ఎక్కాడు. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. పిల్ల బయట, మేం లోపల.

తర్వాతి స్టేషన్లో దిగి మూడు గంటలు ఏడ్చాం. అబద్ధం. వెనకొచ్చిన రైల్లోంచే దిగిందా పిల్ల. ఏడ్చింది కూడా నేనొక్కణ్ణే.

"ఎలా వచ్చావే తల్లీ?"

"గోడ మీద రైలు దారి పటం ఉంది సార్, ఆకుపచ్చ గీతతోని. పక్కనున్న ఆంటీని ఇంగ్లీషుల అడిగిన. అన్నీ తప్పులే మాట్లాడిన, అయినా ఆమెకు సమజైంది!"

మొహం వెలిగిపోతోంది. అంతలో కరస్పాండెంటు అరిచాడు. "నోర్మూయ్! బడి పరువు తీశావు."

తిరిగొచ్చాక తండ్రిని పిలిపించాడు. కొండాపూర్ వైపు ఇంటింటికీ పాలు పోసే మనిషి.

"అసెంబ్లీలో అందరిముందూ మీ అమ్మాయి క్షమాపణ చెప్పాలండి. లేదంటే టీసీ తీసుకెళ్లండి."

ఏడాది మధ్యలో టీసీ పట్టుకెళ్తే ఏ బడి చేర్చుకుంటుంది?

"ఏంది సారూ, సొంతంగ దారి వెతుక్కొని వచ్చింది గద నా బిడ్డ! గిది నేర్వాలనే గద పంపింది?"

నేను బల్ల గుద్ది గర్జించాను. "అది ఆగింది మీకోసమండీ! మీరు నేర్పిన మర్యాదకే తప్పిపోయింది!" గర్జించలేదు, గొంతు కీచుమంది. బల్ల కూడా గుద్దలేదు. మాట మాత్రం అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "క్రమశిక్షణ క్రమశిక్షణేనండి."

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "చెప్తవా బిడ్డా?"

"చెప్త బాపూ. సదువు పోతది లేకుంటే."

మర్నాడు ప్రార్థన అయ్యాక ముందుకొచ్చి, "ఒక్కదాన్నే వచ్చినందుకు సారీ" అంది. తలొంచుకుని పక్కన నిలబడింది. తర్వాత మిగతావాళ్లని ఒక్కొక్కరినే పిలిచి, యాత్రలో ఏం నేర్చుకున్నారో చెప్పమన్నాడు కరస్పాండెంటు. "సింగపూర్ చాలా శుభ్రంగా ఉంటుంది" అన్నాడొకడు. ఆ వెనక వచ్చినవాళ్లందరిదీ అదే ముక్క. ప్రతివాడికీ చప్పట్లు, ఒక పెన్ను.

నా చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. తియ్యలేదంటే, ఒకసారి తీశాను, ముక్కు తుడుచుకోడానికి.